పైకిటికీ మూయకు

తుంటి విరిగి కయానీ ఆసుపత్రికి పోతూ
హిల్కా తన కోళ్ళను నాకు అప్పగించింది.
పదకొండు పెట్టలు, ఒక పుంజు.
పుంజు పేరు పోస్టుమాస్టరు.
కరెంటు బిల్లు వెనక పెన్సిలు రాత:
"హీటరు పెట్టకు. నీళ్ళు రోజుకు మూడుసార్లు మార్చు.
తురాయికి వాజలీన్ రాయి. పైకిటికీ మూయకు."
చివరి మాట కింద రెండు గీతలు.

ఇరవై రెండేళ్ళు మంచు తోసే లారీ నడిపినవాణ్ణి.
చలి సంగతి నాకొకరు చెప్పాలా!

డిసెంబరు పొద్దు
పదింటికి వచ్చి, రెండింటికే చెప్పులేసుకునేది.
పెట్టలు గుడ్లు మానేశాయి.
ఈకలు ఉబ్బించుకుని దండెం మీద
బూరుగు దిండ్లలా ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చునేవి,
వేళ్ళు పొట్టకింద, ముక్కు రెక్కకింద.
దండెం గుండ్రటి కర్ర కాదు, వెడల్పాటి పలక.
ఎందుకో అప్పుడు తెలిసింది.
ఒకదాని రెక్కకింద చేయి పెట్టి చూశాను.
లోపల కణకణలాడుతోంది.

జనవరి ఆరు. మైనస్ ముప్పై నాలుగు.
అడవిలో చెట్లు తుపాకుల్లా పేలుతున్నాయి.
నిద్ర పట్టక, అర్ధరాత్రి లాంతరుతో వెళ్ళాను.
పైకిటికీలోంచి చలి
కంటికి కనబడేంత చిక్కగా దిగుతోంది.
బంగాళాదుంపల గోనె మడిచి దాన్లో కుక్కాను.
జాలి. అంతే, దానికి వేరే పేరు లేదు.

తెల్లారి తలుపు తీస్తే
లోపలి గోడల నిండా మంచు మొలిచి ఉంది,
బయటికి దారి దొరకని వాటి ఊపిరే.
రెట్టల ఘాటుకు నా కళ్ళు మండాయి.
పోస్టుమాస్టరు తురాయి మూడు కొసలు
పొగాకు నమిలే పళ్ళలా నల్లబడ్డాయి.
వాడు నన్ను ఒక కంటితో చూశాడు,
తల తిప్పి, రెండో కంటితో.

ఫోనులో ఒప్పుకున్నాను.
చాలాసేపు అటువైపు మాట లేదు,
ఎవరో చక్రాల బండి తోసుకుపోతున్న చప్పుడు.
"మొదటి ఏడు నేనూ మూశాను," అంది హిల్కా.
"నాలుగు పోయాయి. పొడి చలికి చావవు ఉర్హో,
తడికి చస్తాయి."
మళ్ళీ ఆగి, "బార్లీ జావ వేడిగానే పోస్తున్నావా?"

ఫిబ్రవరిలో ఎండ కొట్టం గడపదాకా పాకిన రోజు
గడ్డిలో ఒక గుడ్డు.
గడ్డకట్టి, నిలువునా చిట్లి.

ఉన్ని తొడుగులో పెట్టి పక్క సీటు మీద ఉంచాను.
కయానీకి తొంభై కిలోమీటర్లు.
కరిగిపోతుందని
కారులో హీటరు ఆపేసి వెళ్ళాను.