ముందే వండిన నవ్వు

కాశీబుగ్గ మెయిన్ రోడ్డు మీద
ఎరువుల కొట్టు పైగదిలో నా ఆఫీసు.
ఒక కుర్చీ, ఒక లాప్‌టాప్, కింద నుంచి యూరియా వాసన.
తంగుడు వారి జీడిపప్పుకి
లోకం చూసే మొహం నేనే.

మొదటిరోజు మెట్లెక్కి వచ్చి సావుకారు అడిగాడు:
"ఇన్ని ఫొటోలు ఎక్కడ దాస్తావమ్మా, బీరువా కొననా?"
క్లౌడ్‌లో అన్నాను. అంటే మబ్బులో.
ఆయన కిటికీలోంచి పైకి చూశాడు.
ఉద్దానంలో పుట్టినవాడు
మబ్బును నమ్మి ఏదీ దాచుకోడు.

అయినా దాచాను.
గుండు, బద్ద, ముక్క, వేయించినది, ఉప్పు చల్లినది,
నాలుగు వేల ఫొటోలు.
పూణేలో ఎవరు ఏ వేళ ఫోను తెరుస్తారో,
దీపావళికి వారం ముందు ఎవరి వేలు ఎక్కడ ఆగుతుందో
కూర్చున్నచోటే లెక్కగట్టి చెప్పేది ఆ మబ్బు.
రాత్రి పదకొండింటికి మిరియాల పప్పు పెట్టమనేది.
పెట్టేదాన్ని.
నెలకి సరిపడా పోస్టులు ముందే వండి
తేదీలు కట్టి పైకి వదిలితే
దేని పొద్దుకి అదే రాలేది.

దాలమ్మ చేతుల్ని మాత్రం ప్రతి ఫొటోలోనూ కోసేశాను.
ముప్పయ్యేళ్లు పిక్క కొట్టిన చేతులు.
బూడిద రాసినా ఆముదం రాసినా దిగని నలుపు.
తెల్లటి పప్పు పక్కన అది అమ్ముడుపోదని
మబ్బు చెప్పలేదు. నేనే అనుకున్నాను.

ఓసారి కొత్త ఫోను తెచ్చి వేలిముద్ర తాళం పెట్టమంది.
పది వేళ్లూ ఆనించాం. ఒక్కటీ పడలేదు.
"నా యేళ్లకి గీతల్లేవు గుంటా,
జీడి తినీసినాది" అని నవ్వింది.

అక్టోబరులో ఒక రాత్రి
గాలి ఊరిని పట్టుకుని ఉతికింది.
తెల్లారేసరికి జీడితోటలు
ఆకాశానికి అరికాళ్లు చూపిస్తూ పడుకున్నాయి.
కరెంటు లేదు, టవరు లేదు,
గొడ్డళ్ల చప్పుడొక్కటే తొమ్మిది రోజులు.

పదో రోజు రైల్వే బ్రిడ్జి మీద
ఒక్క గీత సిగ్నలు దొరికింది.
ఫోను ఒక్కసారిగా దగ్గింది.
నేను లేకపోయినా నా పేజీ
తొమ్మిది రోజులూ నవ్వుతూనే ఉంది.
చెట్లు కూలిన ఆ ఉదయమే, సరిగ్గా ఎనిమిదింటికి,
"మా తోట నుంచి మీ డబ్బాలోకి!"
పదహారు వందల లైకులు. నలభై మూడు ఆర్డర్లు.
మీ ఊరు ఎంత ప్రశాంతంగా ఉందో, అని ఎవరో ఒకావిడ.

మబ్బు ఏమీ పోగొట్టలేదు.
ఒక్క ఆకు రాలనివ్వలేదు.
ఎవరి మీద కోపం తెచ్చుకోను?

నా భుజం మీదుగా దాలమ్మ తొంగిచూసింది.
"ఈ సెట్టు మాదే. కొమ్మకి ఉయ్యాల తాడు కనబడతంది సూడు.
ఇందులో నాను కూడా ఉండాల కదేటి?"

ఉంది.
నేను కోసింది నా కంటికే,
మబ్బు అసలుది అలాగే ఉంచింది.
చెట్టు కింద గంప,
గంప మీద నల్లటి చెయ్యి,
చెయ్యి వెనక ఆమె, ఏదో చెబుతూ సగం తెరిచిన నోరు.

ఆ ఫొటోనే పెట్టాను, చెట్టు పడిపోయిందని రాసి.
రెండు వందల పది లైకులు. మూడు ఆర్డర్లు.
సావుకారు చూశాడు.
తీసెయ్యమనలేదు, బాగుందనీ అనలేదు,
మబ్బుకి ఆ నెల అద్దె కట్టాడు.

ఇప్పుడు రెండు రోజులకి మించి ముందు వండను.
పొద్దున్నే కిటికీ తెరిచి
ఆయన చూసినట్టే పైకి ఒకసారి చూసి
అప్పుడు వదులుతాను.