పదకొండు కిలోల కొత్త పుస్తకాలు

ఈ నెల మన లైబ్రరీకి
పదకొండు కిలోల పుస్తకాలు వచ్చాయి.
లెక్క కిలోల్లోనే రాస్తాం, మొదట్నుంచీ అంతే.
సెలవుకెళ్ళి వచ్చే ప్రతి సభ్యుడూ
ముప్ఫై కిలోల సామానులో
రెండు కిలోలు మనకి వదలాలి.
ఊరగాయ తగ్గించుకోమని ఎవరికీ చెప్పం.
తగ్గించుకున్నవాళ్ళ పేర్లు మాత్రం
గోడమీద రాస్తాం.

చిరునామా మారలేదు.
రువీ, హమ్రియా వెనక సందు,
కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పైన ఒక్క గది.
శుక్రవారం మూడు నుంచి ఏడు.
ఏసీ చప్పుడు మాది,
చల్లదనం దాని ఇష్టం.

వచ్చినవాటిలో
రొయ్యల సాగు మీద ఒకటుంది.
ఎడారిలో పైపులు పాతే సత్తిపండు కోసం.
పాతది చదివి చదివి అట్ట రాలగొట్టాడు.
నాలుగేళ్ళుగా తవ్వుతున్న చెరువు
ఇంకా రెండో అధ్యాయంలోనే ఉంది,
నీళ్ళు పెట్టలేదు.

ఒక కథల సంపుటిని
సూట్‌కేసులో పక్కన కూర్చున్న ఆవకాయ
మూత వదులు చేసుకుని రుచి చూసింది.
నలభై నుంచి యాభై రెండు దాకా
కాగితం అద్దమైపోయింది.
దీపానికి ఎదురు పెడితే
ఇటు కథలో పెళ్ళి, అటు కథలో దొంగతనం
ఒకేసారి కనిపిస్తాయి.
దీన్ని పారేద్దామన్న ఇద్దరూ
ముందు తామే తీసుకెళ్తామని పోట్లాడుకున్నారు.

పిల్లల బొమ్మల పుస్తకాలు తొమ్మిది.
మన సభ్యుల్లో పిల్లలెవరూ లేరు,
అయినా ముందు ఖాళీ అయ్యేది ఆ అరే.
ఇక్కడ ఏడున్నరంటే అక్కడ తొమ్మిది,
ఫోనవతల కళ్ళు వాలిపోతుంటాయి.
కాబట్టి బొమ్మల పుస్తకం చేతిలో ఉన్నవాణ్ణి
వరసలో ముందుకి పంపండి.
వాదించకండి.

రెండువందల పన్నెండో నంబరు
తిరిగొచ్చింది.
తొమ్మిదేళ్ళ కింద ఎగ్జిట్ కొట్టించుకుని
ఆర్మూరు వెళ్ళిపోయిన బక్కన్న
కొత్తగా వచ్చిన అల్లుడి చేత పంపాడు.
రోజుకి పది బైసల చొప్పున
జరిమానా ముప్ఫై రెండు రియాళ్ళ చిల్లర తేలింది.
లోపల డబ్బు లేదు, చీటీ ఉంది.
"సగమే సదివిన. కండ్లు ఆన్తలేవు.
మిగిలింది ఎవలన్న సదివి
ఫోన్ల జెప్పుండ్రి."
సగం దగ్గర మడిచిన మూల
మడిచినట్టే ఉంది.
ముగ్గురు పేర్లిచ్చారు. జరిమానా కొట్టేశాం.

ఇక సిబ్బంది సంగతి.

మన బైండరు పోచమల్లు
పగలు పరంజా కట్టే మనిషి,
రాత్రి మైదా ఉడికించి
విడిపోయిన పేజీలు కట్టే మనిషి.
కంపెనీ అతన్ని దుక్మ్‌కి వేసింది.
అయిదొందల కిలోమీటర్లు, ఆదివారం బస్సు.
ఈ కాగితం మీద నేను "రాజీనామా" అని రాయబోతే
పెన్ను లాక్కున్నాడు.
"బ్రాంచి అని రాయి."
ఏసీ వచ్చిన అట్టపెట్టెలో నలభై పుస్తకాలు సర్దుకున్నాడు.
జిగురు గిన్నె మాత్రం మరిచిపోయాడు.
కడగబోయి ఆగాం,
అడుగున ఎండిన తెల్లటి పొర మీద
అతని వేళ్ళ గీతలున్నాయి.
కడిగేశాం చివరికి. చీమలొస్తున్నాయి.

అతని కుర్చీలో
రాయచోటి ఖైరున్‌బీ.
అల్ ఖువైర్‌లో ఒక ఇంట్లో పని,
వారానికి మూడు గంటలు సెలవు.
ఆ మూడూ మనకిస్తోంది.
అక్షరం కుదురు, చూపు ఇంకా కుదురు.
మొదటి శుక్రవారమే రిజిస్టరు తిరగేసి
కార్యదర్శినైన నేను
మూడేళ్ళుగా చందా కట్టలేదని,
కాబట్టి అసలు సభ్యుణ్ణే కానని తేల్చింది.
"రాసేటోళ్ళు గూడా కట్టాల్సిందే సార్."
కట్టాను. రసీదు ఉంది.

దుక్మ్ శాఖకి ఈ నెల
కొత్త పుస్తకాలేమీ లేవు.
అటు వెళ్ళే లారీ ఎవరికైనా తెలిస్తే
ఖైరున్‌బీకి చెప్పండి,
నాకు కాదు.