చింతపండు లెక్క

గుణుపురం సంతవీధిలో
అంధవరపు దండాసి సావుకారి కొట్లో
ముప్పైయొక్క ఏళ్లు పద్దు రాశాను నేను.
నా వేళ్ల సందుల్లో
చింతపండు పులుపు ఇప్పటికీ పోలేదు.

కొండ దిగి సవర ఆడవాళ్లు
తెల్లారకముందే గంపలు దించేవారు.
తూనికరాళ్ల పళ్లెం అడుగున
గోరంత మైనం ముద్ద.
ఎవరు అంటించారో నన్నడక్కండి,
నేను అంకెలు వేసేవాణ్ణి, అంతే.

ఆయన రాజకీయంలోకి దిగింది
దేశం కోసం కాదు, కాలువ కోసం.
కొట్టు ముందు మురుగు పొంగి
నలభై బస్తాలు కుళ్లిపోయిన శ్రావణంలో
మునిసిపాలిటీ చుట్టూ పదకొండుసార్లు తిరిగి
పన్నెండోసారి
నామినేషన్ కాగితంతో వెళ్లాడు.

ఎన్నిక ఖర్చు నన్నే రాయమన్నాడు.
"ఏ ఖాతాలో బాబూ?" అంటే
మీసం గోక్కుని
"తరుగులో రాయి" అన్నాడు.

ప్రమాణం ఒడియాలో చెయ్యాలి.
మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదాయనకి.
బెల్లం పొట్లం కాగితం వెనక
తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను.
అంతా తడబడ్డాడు,
ఈశ్వరుడి పేరు దగ్గర తప్ప.

పాలకొండ నుంచొచ్చిన వియ్యంకుడు
"మీరు ఒడియా వాళ్లైపోయారండీ" అని నవ్వాడు.
ఆఫీసులో హెడ్ క్లర్కు మహాపాత్రో
ఫైలు అందిస్తూ "మీ తెలుగువాళ్లు" అన్నాడు.
ఇద్దరికీ టీ చెప్పాడు సావుకారు.
రెండు టీలు. అదీ రాశాను.

ఛైర్మనయ్యాక
కాలువ వేశాడు. మంచిదే వేశాడు.
మా కొట్టు దగ్గర మూడడుగుల లోతు,
దిగువన రెల్లివీధి దగ్గర అడుగున్నర.
సిమెంటు చాల్లేదన్నాడు.

వంశధార పొంగిన రాత్రి
ఆ అడుగున్నరే
నదిని వాళ్ల గుమ్మాల్లోకి తెచ్చింది.
ఆ రాత్రి నేను చూసిన మనిషి వేరు.
లుంగీ ఎగ్గట్టి, నడుంలోతు నీళ్లలో,
గిడ్డంగి తాళాన్ని బండరాయితో కొడుతున్నాడు.
తాళంచెవి మొలలోనే ఉంది,
గుర్తు రాలేదు.
బస్తాలు వానలోకి, జనం లోపలికి.
ఎవరి బిడ్డో ఆయన భుజమ్మీద
పడుకుని చొంగ కార్చింది.

తెల్లారి బియ్యం కొలిపిస్తూ
నా చెవిలో అన్నాడు:
"పేర్లు రాయి. ఎవరికీ చూపించకు."
రెండువందల పద్నాలుగు పేర్లు.
ఎదురుగా అంకెల గడి
ఖాళీగా ఉంచమన్నాడు.
దానమో, అప్పో
ఆ గడికే తెలియాలి.

రెండోసారి గెలిచాడు.
మూడోసారి పంతొమ్మిది ఓట్లతో పోయాడు.
గెలిచినవాడు సిమెంటు డీలరు,
ఇంకేం చెప్పను!

ఆ రాత్రి అరుగు మీద
విప్పని కుర్చీల కట్టలు, ఎవరూ తాగని సోడాలు.
"ఆ పుస్తకం తే" అన్నాడు.
వసూలుకేమో అనుకున్నాను.
కళ్లజోడు పంచెకు తుడిచి
కందిపప్పులో రాళ్లేరినట్టు
ఒక్కో పేరూ వేలితో నెడుతూ పోయాడు.
"ఈ ఆరంగి పైడమ్మది ఏ వార్డు?"
"పోయింది బాబూ, మార్గశిరంలో."
"మరి ఓటు?" అన్నాడు.
అని,
తన మాట తనకే ఆలస్యంగా వినిపించినట్టు
నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.
పుస్తకం నేనే మూశాను.

మర్నాడు సంత.
గంప దించిన సవర ముసలమ్మ
కాటా వంకే చూస్తోంది.
సావుకారు పళ్లెం బోర్లించి
గోటితో ఏదో గీకాడు చాలాసేపు.
పూర్తిగా పోయిందో లేదో
ఆయన చెప్పలేదు,
నేను వంగి చూడలేదు.

పన్నెండు కిలోల ముప్పావు.
ఆ గంప ఎప్పుడూ
పన్నెండు దాటలేదు మా కొట్లో.

ముసలమ్మ డబ్బు
రెండుసార్లు లెక్కపెట్టుకుంది,
మూడోసారి మనవడి చేత లెక్కపెట్టించి
మా ఇద్దరి మొహాలూ చూసింది,
ఈసారి మోసం ఎక్కడుందో
అంతుపట్టక.