గంజి ఆకులు

ఆపిల్‌ని అడ్డంగా కోయాలి, ముందు అది నేర్చుకోండి.
నిలువుగా కోస్తే రెండు గింజలు, అంతే.
అడ్డంగా కోస్తే లోపల నక్షత్రం.
ఇరవై రెండేళ్ళుగా కోస్తున్నాను,
కత్తి దిగే ముందు ఇప్పటికీ కాస్త ఆగుతాను
ఈసారి ఉండదేమోనని.

తాంపెరే ఊళ్ళో అక్టోబరు.
మా పసిపిల్లల బడి వెనక బర్చ్ చెట్లు
నిన్నటిదాకా పసుపు బట్టలు ఆరేసుకున్నాయి.
రాత్రి సరస్సు మీంచి గాలొచ్చి
ఒక్క పేలికా మిగల్చలేదు.
ఇవాళేమో ఆకులు అద్దే రోజు.
నమూనాకైనా కొమ్మన ఆకు లేదు.
సరే, గుర్తున్నంత మేరకు అద్దుదాం.

కుంచె ఇవ్వకండి. కుంచె పెద్దవాళ్ళ రోగం.
ఐస్‌క్రీమ్ డబ్బా మూతలో తడి స్పాంజి ముక్క పెట్టి
దాని మీద రంగు పోస్తే చాలు.
రెండేళ్ళ చేతికి కావలసింది
ఒక దబ్బు,
దాని కింద ఏముందో చూసుకునే ఒక క్షణం.

సెలరీ కట్ట మొదలు కోస్తే గులాబీ.
సీసా బిరడాతో రోవన్ పళ్ళ గుత్తి.
మోచేతి దాకా గోధుమరంగు పూసి ఒత్తితే
కాండం, అయిదు కొమ్మలు, చెట్టు సిద్ధం.
ఆలుగడ్డ చెక్క మాత్రం ఏదైనా అవుతుంది:
ఆకు, పడవ, ముళ్ళపంది,
వెయిక్కోని అడిగితే వాళ్ళ తాతయ్య.

అచ్చు గుద్దినట్టున్నారు అనేవాళ్ళు
అచ్చు గుద్దే చోటికి ఒకసారి రావాలి.
అదే చెక్క, అదే ఎరుపు, అదే చెయ్యి.
మొదటిది ఉత్త ముద్ద.
రెండోది ఆకు.
మూడోది ఆకు వెళ్ళిపోయిన చోటు.

పదిన్నరకల్లా ఎరుపు అయిపోయింది.
సైమి ఊదారంగు అద్దుకున్న నక్షత్రాన్ని
కరకరా నమిలేసింది.
ఏం కాదు, అది బ్లూబెర్రీ రసమే.
ఇల్మా తన పని కింద బొటనవేలు ఒత్తింది.
ఇక్కడ అందరూ వేలిముద్రగాళ్ళే,
దస్తావేజు ఏదైనా చెల్లుతుంది.

ఓయ్వా ఒక్కడే రంగు ముట్టుకోలేదు.
మూత ముందుకు జరిపితే వెనక్కి జరిపాడు.
అచ్చులు తప్ప హల్లులు ఇంకా రానివాడు.
ఉత్త ఆలుగడ్డ చెక్క పట్టుకుని
తెల్లకాగితం మీద గట్టిగా ఒత్తాడు.
తడి మచ్చ.
ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూశాడు.
అంచుల్నించి లోపలికి ఆరుతూ ఆరుతూ
మచ్చ రేగుపండంతై, గింజంతై,
లేదు.
“ఓ” అన్నాడు.
మళ్ళీ ఒత్తాడు. మళ్ళీ లేదు. “ఓ.”
నేను లెక్కపెట్టడం మానేశాక కూడా
చాలాసేపు ఒత్తాడు.

“పోనీ వాడి పేరున ఒక్క ఆకు మనమే వేద్దాం,
వాళ్ళమ్మ ఏమనుకుంటుంది” అంది తూలిక్కి.
నా చెయ్యి స్పాంజి దాకా వెళ్ళింది, ఒప్పుకుంటాను.
ఆ పని మాత్రం మీరు చేయకండి.

సాయంత్రం దండెం మీద
చెక్క క్లిప్పులకు వేలాడుతూ పద్నాలుగు అడవులు.
పదిహేనోది తెల్లగా.
ట్రాము నడిపే యూనిఫాంలోనే వచ్చింది హెల్కా.
కాగితం ముందూ వెనకా తిప్పి చూసింది.
ఏం చెప్పాలో నేను వెతుక్కుంటున్నాను.
ఆవిడ దాన్ని కిటికీ గట్టు మీద ఆనించి
కొడుక్కి బూట్లు తొడగడానికి వంగింది.

అప్పుడు ఏటవాలు ఎండ
సరిగ్గా ఆ గట్టు ఎత్తుకి దిగింది.
ఆలుగడ్డ గంజి మెరిసింది.
ఒకదాని మీద ఒకటి,
అంచులు కాస్త ముడుచుకుని, మంచు పట్టినట్టు,
నిన్న రాత్రి గాలి పట్టుకుపోయినన్ని ఆకులు.

ఒక బూటు చేతిలోనే ఉంది.
“ఓ” అంది హెల్కా,
అచ్చు వాడిలాగే.

రేపటికి ఎరుపు కొనాలి.
ఆలుగడ్డలు ఉన్నాయి.