తిరిగొచ్చిన ఎరుపు

కంబళి తిరిగొచ్చింది.
హాంబర్గ్ దాకా పోయి, మూడు వారాలు ఊరేగి,
అదే అట్టపెట్టెలో, నా తాడే, నా ముడే.
చీటీ ఒక్కటే కొత్తది:
"ఫోటోలో ఎరుపు. వచ్చింది వంకాయరంగు."

వంకాయా!
మా అత్త క్రిస్పీనా మగ్గం తొక్కడం ఆపకుండానే
"కళ్లు చూపించుకోమను" అంది.

నాగజెముడు మట్టల మీంచి పురుగుల్ని గీకి
ఎండబెట్టి, రాతి మీద నూరి తీసిన రంగది.
నిమ్మ పిండితే పండుమిరప వైపు,
చిటికెడు సోడా పడితే ఊదా వైపు ఒరుగుతుంది.
ఆమె చేతిలో నలభై ఏళ్లుగా ఒరగలేదు.
ఒరిగింది నా దగ్గర.

నా స్టూడియో అంటే
మొక్కజొన్న బస్తాలు జరిపి సంపాదించిన మూల.
గోడకి తెల్ల దుప్పటి, ఆరు బట్టల క్లిప్పులు, కుంటి స్టూలు.
నెత్తిన మా ఆయన ఫిదెన్సియో తగిలించిన పచ్చబల్బు,
పక్కనించి వంటింటి ట్యూబులైటు,
గుమ్మంలోంచి ఎదురింటి నీలిగోడ మీద పడి వచ్చే ఎండ.
ఒకే పొయ్యి దగ్గర ముగ్గురు తోటికోడళ్లు.
కూర ఎవరిదో, ఉప్పెవరు వేశారో
కెమెరాకేం తెలుసు?

ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు.
కంకణం ఒక దేశంలో, చెయ్యి ఇంకో దేశంలో ఉన్నవాళ్లు
ఆ మాట అనరు.

వహాకా పట్నం, బస్సులో గంట.
కొట్లో కుర్రాడి పేరు అబ్దియాస్.
"ఎన్ని వాట్లు కావాలి?"
"ఎరుపు కావాలి."
నవ్వలేదు, పాపం.
గుండ్రటి లైటు చూపించాడు, అది మొహాలకట.
తెల్లగుడ్డ డేరా చూపించాడు, అందులో చెవిపోగులు పడతాయి,
నా కంబళి కాలు చాపితే చిరిగిపోతుంది.
ఫ్లాష్ ఒకసారి పేల్చాడు,
కొట్లో ఉన్న పసివాడు ఏడుపు అందుకున్నాడు.

అప్పుడు సంచీలోంచి ఉన్ని చిట్టం తీశాను.
ఒక్కో బల్బు కింద పట్టి చూశాను,
చేప మొప్పలెత్తి చూసినట్టు.
దీని కింద ఇటుక. దాని కింద ఎండుమిరప.
చవకదాని కింద, అవును, వంకాయ.
(హాంబర్గ్ ఆవిడా, సగం క్షమించు.)
అట్టపెట్టెల మీద అన్నీ తొంభై అయిదులే.
"ఎరుపుకి వేరే లెక్కుంటుందమ్మా,
అది అందరూ అచ్చెయ్యరు" అన్నాడు అబ్దియాస్ గొంతు తగ్గించి,
సొంత కంపెనీ గుట్టు చెబుతున్నట్టు.

మూలనున్న పలక లైటు కింద
చిట్టం అలాగే ఉండిపోయింది,
పొద్దున పెరట్లో దండెం మీద ఎలా ఉందో అలా.
జత పందొమ్మిది వందల పెసోలు.
నా దగ్గర పన్నెండు వందలు, అందులో బస్సుకి పోను.
ఒకటే తెచ్చుకున్నాను.

రెండో లైటు బదులు మందులషాపు థర్మోకోలు.
ట్యూబు ఆర్పాను. పచ్చబల్బు విప్పి ఫిదెన్సియో చేతిలో పెట్టాను.
గుమ్మానికి దుప్పటి కట్టాను.
ఎదురుగా పెడితే కంబళి నేలకేసిన రంగులా చదునైంది.
పక్కకి, బాగా పక్కకి, మోకాలంత ఎత్తుకి దించాను.
లేచింది నేత!
పేకలో ఒక్కో పోగుకీ ఒక్కో నీడ.

అత్త వచ్చి ఫోను తెరలోకి వంగింది.
చాలాసేపు చూసింది.
వేలు పెట్టి, "ఇక్కడ" అంది.
నాలుగో వజ్రం అంచున
ఒక మెట్టు తప్పింది.
నలభై ఏళ్ల చెయ్యి, ఒక్క పోగు.
"ఆ లైటు కొంచెం ఇటు జరుపు."

దారం కొస నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను.
వీధిలో గ్యాసుబండి అరుపు వెళ్లిపోయింది.
ఆమె మళ్లీ అడగలేదు.

లైటు జరపలేదు.
ధర జరిపాను, ఎనభై పెసోలు కిందికి,
ఫోటో కింద "నాలుగో వజ్రం చూడండి" అని రాశాను.
ఆ రోజు మగ్గం రాత్రి పది దాకా చప్పుడు చేసింది,
అవసరానికన్నా గట్టిగా.

తిరిగొచ్చినదాన్ని కూడా అదే వెలుగులో పరిచాను.
పాత ఫోటో అంత మంటా లేదు,
ఆవిడన్నంత వంకాయా కాదు.
కొత్త ఫోటో పంపిస్తూ
హాంబర్గ్‌కి ఒక్క ప్రశ్న రాశాను:
అమ్మా, మీ హాల్లో
ఏ బల్బు?