లాకు తలుపు

నీలం వెలుగు పడగానే
తెరుచుకునే తలుపు ఈ ప్రోటీను.
పాచిలోంచి తీశారు దీన్ని,
మన కాలవరేవులో కాలు జారే పాచికి
దూరపు చుట్టం.

నోట్సులో రాసుకుంటున్నాను:
చేపపిల్లలు నలభై, అయిదు రోజులవి.
వెలుగు పది మిల్లీసెకన్లు.
తోక కొడితే ఒక గీత.

అటెండరు నూకరాజు వాళ్ల నాన్న
లాకుల దగ్గర లస్కరు.
"అయితే అంతేనాండి?
అక్కడ చక్రం తిప్పితే నీళ్లు,
ఇక్కడ లైటేస్తే ఉప్పు?"
ఇంచుమించు అంతే, అన్నాను.

గాజు గొట్టాలు కడుగుతూ మళ్లీ అడిగాడు:
"తోక కొట్టింది తలుపు తెరుచుకునాండి,
లైటుకి జడుసుకునాండి?"

పేజీ మొత్తం కొట్టేశాను.
ఇంకో నలభై కావాలి, తలుపు లేనివి,
అదే వెలుగు కింద.

ఏడుంపావుకి అమలాపురంలో కరెంటు పోయింది.
ఫోను లైటు వెయ్యబోయి ఆగాను,
తొట్టి మీద నల్లగుడ్డ కప్పలేదు.
ఎక్కడో రొయ్యల చెరువుల మీద
జనరేటర్లు ఒక్కొక్కటే దగ్గుతున్నాయి.

చీకట్లోంచి నూకరాజు:
"తోక కొట్టని వాటిని ఏం రాస్తారండి?
మా నాన్న తలుపెత్తని రోజు కూడా
రిజిస్టర్లో తేదీ వేసి
'ఎత్తలేదు' అని రాసి
సంతకం పెడతాడు."