పళ్ళెం పట్టేంత కిటికీ

గుణుపురం బస్టాండు వెనక గురువులు హోటల్లో
వంటింటికీ ముందు గదికీ మధ్య గోడలో
పళ్ళెం పట్టేంత కిటికీ ఒకటుంది.
వేడివి అటు వెళ్తాయి, ఎంగిలివి ఇటొస్తాయి,
మాటలు మాత్రం ఎవరూ అడక్కుండానే వస్తాయి.

తొమ్మిదేళ్ళుగా వాళ్ళ ముఖాలు సరిగా చూళ్ళేదు నేను.
దండాసి అంటే నాకో దగ్గు,
దగ్గు వెనకాలే "సెట్నీ ఎక్కువెయ్యమను."
పాఢి మాస్టారంటే ఒడియాలో మొదలై
కోపమొస్తే తెలుగైపోయే గొంతు.
కామేశం బట్టల కొట్లో లెక్కలు రాస్తాడు,
తను తిన్న వడల్లో ఒకటి ఎప్పుడూ మర్చిపోతాడు.
కొండ మీంచి పసుపు బస్తాలతో దిగే ఇసాకు సొబొరొ
ఇడ్లీ మీద ఘుగునీ పోయించుకుని
అందరూ అయ్యాక ఒక్క మాటంటాడు.
ఆ మాటతో రాయగడ బస్సు హారనూ ఆగినట్టుంటుంది.

నాకు తెలీనిదేముంది?
దండాసి చిన్నల్లుడు పర్లాకిమిడిలో సెల్లు కొట్టు మూసేశాడని,
మాస్టారికి శుక్లాలు ముదిరి పేపరు ఊరికే పట్టుకుంటారని
(పేజీ తిప్పిన చప్పుడు వినపడదు మరి),
కామేశంతో భార్య మాట్లాడి మూణ్ణెల్లయిందని.
ఇంట్లో మింగినవి ఇక్కడ కక్కుతారు.
గోడకి చెవులుంటాయని అందరికీ తెలుసు గానీ
ఆ చెవులకి చేతులుంటాయని,
ఆ చేతులే పెసరట్టు తిరగేస్తాయని
ఎవరికీ తట్టదు.

మొన్న ఆషాఢంలో మూడు రోజులు ఒకటే తగువు.
చిన్న రైలు ఆఖరిసారి వెళ్ళిన నాడు
వాన పడిందా, లేదా?

"పడ్నేదురా బాబూ! టేసన్లోనే ఉన్నాను,
సొక్కా తడవనేదు నాకు."
"బొర్సా హొయిథిలా! గొడుగు కింద నిలబడి చెయ్యి ఊపేను!"
"ఎండకీ ఏస్తారు మాస్టారూ గొడుగు."
ఇసాకు మూడోనాటికీ నోరు విప్పలేదు.
ఇటు నా అట్లు మాడిపోతున్నాయి.

వాన పడింది.
ఆ రోజు మా డాబా మీద పాత చీర పరిచి
బూడిద గుమ్మడి వడియాలు పెట్టాను.
ఊరంతా స్టేషనుకి పోయింది, దండలతో, డప్పులతో.
నేనూ జడ వేసుకున్నాను, పువ్వు కూడా పెట్టాను.
మెట్లు దిగబోతే మొదటి చినుకు మోచేతి మీద పడింది.
వెనక్కెళ్ళి చీర నాలుగు చెరగులూ కూడదీసేసరికి
వంశధార వైపు నించి కూత,
కూడా చిన్నపిల్లాడెవడో ఏడుస్తున్నట్టు.
వడియాలు సగం మళ్ళీ పిండైపోయాయి.
రైలు మాత్రం పూర్తిగా పోయింది.

గరిటె చేతిలో ఉండగానే
కిటికీలోకి వంగి అనేశాను:
"పడింది. నా వడియాలు తడిసిపోయాయి."

అటు ఏమీ లేదు.
టీ గ్లాసు బల్ల మీద మెల్లిగా పెట్టిన చప్పుడు.
"ఎవులది?" దండాసి.
"వంటావిడ," గల్లాపెట్టె దగ్గర్నించి గురువులు.
ఇంకాస్సేపాగి ఇసాకు,
"వడియాలు అబద్ధం చెప్పవు."
తగువు తీరిపోయింది. ఇంకో రెండు టీలు చెప్పారు.

మర్నాడు కొత్తది ఎత్తుకున్నారు.
గార్డు ఊపింది పచ్చ జెండానా, తెల్ల రుమాలా?
ఈసారి కుర్చీ జరిగింది.
మాస్టారి గొంతు కిటికీకి దగ్గరగా,
"అమ్మా, మీరు చెప్పండి."
మీరు, అన్నారు.

నేను చూళ్ళేదు.
తడి చీర మూటతో డాబా మీదే ఉన్నాను.
తెలీదనొచ్చు.
పెనం మీద నీళ్ళు చిలకరించాను, చుయ్యిమంది.
"రుమాలే," అన్నాను.
"అంచుకి ఎర్ర దారం కుట్టుంది."

"సూసినారా!" అన్నాడు దండాసి, దగ్గకుండా.
ఆ ఎర్ర దారం నా నోట్లోకి ఎక్కణ్ణించొచ్చిందో!
ఇవాళ పొద్దున్న కామేశం
కొత్తగా వచ్చినవాడెవడికో చెబుతున్నాడు,
ఆ కుట్టు తన కళ్ళతో చూశానని.